తిరగని బంతి దగ్గరే ఓడిపోయాం

పాఠకుల ప్రశ్నలు – క్రికెట్

2024 అక్టోబర్, నవంబర్ నెలల్లో న్యూజిలాండ్ మన దేశానికి వచ్చి మూడు టెస్టులకు మూడూ గెలిచింది. ఏడాది తిరిగేసరికి దక్షిణాఫ్రికా వచ్చి రెండుకు రెండూ పట్టుకుపోయింది. అంతకుముందు 2024 జనవరిలో ఉప్పల్‌లో ఇంగ్లండ్ గెలిచిన టెస్టు ఉండనే ఉంది. వచ్చినోళ్లు ఎందుకు గెలుస్తున్నారని ఓరుగల్లు, కరీంనగర్, మంచిర్యాల దిక్కు నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేశాం. ఆడే పిల్లలు, ఆడించే సార్లు అడిగినవాటికి ఎక్కువ చోటిచ్చాం.

ప్రశ్న: మనోళ్లు స్పిన్ ఆడుకుంటూ పెరిగినోళ్లు. అశ్విన్, జడేజా అప్పుడు మన దిక్కే ఉన్నరు. అట్లాంటిది న్యూజిలాండ్ మూడుకు మూడు ఎట్ల గెలిచింది? తప్పు పిచ్‌దా, బ్యాటర్లదా?
– డిగ్రీ విద్యార్థి, హన్మకొండ

జవాబు: ముందు మూడు మ్యాచ్‌లను విడదీయాలి. స్పిన్ పిచ్‌లు చేయించుకుని మనమే బోల్తా పడ్డామన్న మాట పుణె, ముంబయి టెస్టులకు సరిపోతుంది, బెంగళూరుకు సరిపోదు. బెంగళూరులో మొదటి రోజంతా వానకే పోయింది. కవర్ల కింద తడి పట్టిన పిచ్, పైన మబ్బు. టాస్ గెలిచిన రోహిత్ బ్యాటింగ్ తీసుకున్నాడు. మన గడ్డ మీద టెస్టుల్లో అతి తక్కువ స్కోరు, 46, అక్కడే వచ్చింది. మ్యాట్ హెన్రీ 15 పరుగులకు 5, విలియం ఓ రూర్క్ 22 పరుగులకు 4 వికెట్లు తీశారు. ఐదుగురు సున్నాకే వెనక్కి వచ్చారు. ఇది పేస్ చేతిలో, పిచ్‌ను తప్పుగా చదవడం వల్ల జరిగిన ఓటమి. రెండో ఇన్నింగ్స్‌లో సర్ఫరాజ్ 150, పంత్ 99 చేసి 408కి 3 దాకా లాక్కొచ్చారు. అప్పుడు 80 ఓవర్లు దాటి కొత్త బంతి వచ్చింది, మిగతా ఏడు వికెట్లు 54 పరుగుల్లో పోయాయి. న్యూజిలాండ్ ముందు నిలిచిన లక్ష్యం 107 మాత్రమే. 1988 తర్వాత మన దేశంలో వాళ్లు గెలిచిన మొదటి టెస్టు అది.

అసలు పాఠం పుణెలో ఉంది. అక్కడ మిచెల్ శాంట్నర్ మొదటి ఇన్నింగ్స్‌లో 53 పరుగులకు 7 వికెట్లు తీశాడు. ఆ ఏడుగురిలో క్యాచ్ ఇచ్చింది సర్ఫరాజ్ ఒక్కడే. మిగతా ఆరుగురూ ఎల్బీ (స్టంప్స్‌కు తగలాల్సిన బంతి ప్యాడ్‌కు తగలడం) లేదా బౌల్డ్. ముందురోజు మన వాషింగ్టన్ సుందర్ తీసిన 7 వికెట్లలో కూడా ఐదు బౌల్డే. బంతి గిర్రున తిరిగే పిచ్ మీద వికెట్ తీసేది తిరిగిన బంతేనని చాలామంది అనుకుంటారు. ఎక్కువసార్లు తీసేది తిరగనిది. స్పిన్నర్ ఒకే పట్టుతో, ఒకే తీరుగా వేసినా బంతి కుట్టు మీద పడితే నేలను పట్టుకుని తిరుగుతుంది. నున్నటి తోలు మీద పడితే జారి నేరుగా వస్తుంది. ఏది ఎలా పడుతుందో వేసినవాడికే తెలియదు, ఇక బ్యాటర్‌కు ఏం తెలుస్తుంది? అందుకే అలాంటి పిచ్ మీద పాత కోచ్‌లు చెప్పే మాట ఒకటే: తిరగని బంతికి బ్యాటు పెట్టు, తిరిగింది అంచు దాటిపోతే పోనీ. మనవాళ్లు దీనికి తలకిందులుగా ఆడారు. తిరుగుతుందని ముందే అనుకుని బ్యాటును ఆ దారిలో పెట్టారు, నేరుగా వచ్చింది ప్యాడ్‌కో స్టంప్స్‌కో తగిలింది. నేలను తాకకుండా తక్కువ ఎత్తులో వచ్చిన ఫుల్‌టాస్‌కు కోహ్లీ బౌల్డ్ అయ్యాడంటే ఎంత తడబాటులో ఉన్నారో అర్థమవుతుంది.

శాంట్నర్ గొప్పతనం వేగాన్ని మార్చడంలో ఉంది. జడేజా సహజంగానే 90 కిలోమీటర్ల పైన వేస్తాడు. శాంట్నర్ అంతకంటే నెమ్మదిగా, ఒక్కో బంతికి వేగం మారుస్తూ స్టంప్స్ మీదికే వేశాడు. నెమ్మదిగా వచ్చే బంతి పిచ్‌ను ఎక్కువసేపు పట్టుకుంటుంది. అందువల్ల తిరిగేదానికీ తిరగనిదానికీ మధ్య తేడా ఇంకా పెరుగుతుంది. మ్యాచ్ మొత్తంలో 157 పరుగులకు 13 వికెట్లు ఊరికే రాలేదు.

ఇక బ్యాటింగ్. పుణెలో వాళ్లు మొదట 259 చేశారు (కాన్వే 76, రచిన్ రవీంద్ర 65), మనం 156 దగ్గరే ఆగిపోయాం. రెండో ఇన్నింగ్స్‌లో వాళ్ల కెప్టెన్ లేథమ్ స్వీప్ (మోకాలి మీద వంగి బ్యాటు అడ్డంగా ఊపడం) కొట్టి కొట్టి 86 చేశాడు. స్వీప్‌తో పరుగులొస్తాయి, అది పైపై లాభం. అసలు లాభం వేరే ఉంది: బౌలర్ తన లెంగ్త్ (బంతిని వేసే చోటు) వదిలేయాల్సి వస్తుంది. 359 లక్ష్యానికి మనం 245 చేశాం. జైస్వాల్ 77 మినహా పెద్ద ఇన్నింగ్స్ లేదు. 2013 నుంచి వరసగా 18 సిరీస్‌లు స్వదేశంలో గెలిచిన జట్టు అక్కడ ఆగింది.

ముంబయిలో 147 కొట్టలేకపోవడం మాత్రం ఈనాటికీ బాధే. 29కే 5 వికెట్లు పోయాయి. పంత్ ఒక్కడే 64 చేశాడు, మొత్తం 121. అజాజ్ పటేల్ 57 పరుగులకు 6 వికెట్లు తీసి 25 పరుగులతో గెలిపించాడు. మూడు లేదా అంతకంటే ఎక్కువ టెస్టుల సిరీస్‌లో స్వదేశంలో అన్నీ ఓడిపోవడం మనకు అదే మొదటిసారి. ఇది వాళ్ల మేటి బ్యాటర్ కేన్ విలియమ్సన్ ఒక్క మ్యాచ్ కూడా ఆడని జట్టు చేతిలో జరిగింది. ముంబయిలో శాంట్నర్ కూడా లేడు.

కాబట్టి మొదటి తప్పు బ్యాటర్లదే. ఆరేసి ఇన్నింగ్స్‌ల్లో రోహిత్ 91, కోహ్లీ 93 చేశారు. రెండో తప్పు అలాంటి పిచ్ కావాలనుకోవడం. మామూలు పిచ్ మీద వికెట్ తీయాలంటే గాలిలో బంతిని ఆడించాలి, కోణం మార్చాలి, బ్యాటర్‌ను రెండు ఓవర్ల పాటు ఒక దారిలోకి తీసుకురావాలి. ఆ విద్యలో అశ్విన్ ముందు వాళ్లెవరూ నిలవరు. పిచ్చే అంతా చేసిపెడితే ఆ విద్యకు విలువ తగ్గుతుంది. వికెట్‌కీపర్‌గా కెరీర్ మొదలుపెట్టిన గ్లెన్ ఫిలిప్స్ ముంబయి రెండో ఇన్నింగ్స్‌లో 3 వికెట్లు తీశాడు, మూడు టెస్టుల్లో అశ్విన్‌కు దక్కినవి 9. మన బలాన్ని మనమే ఎదుటివాడితో సమానం చేసుకున్నాం.

ప్రశ్న: ఇదంతా టాస్ మాయ అంటుండ్రు. నిజమేనా?
– నిజామాబాద్

జవాబు: సగం నిజం. ఉప్పల్, బెంగళూరు, పుణె, ముంబయి, కోల్‌కతా, గువాహటి – ఈ ఆరు ఓటముల్లో బెంగళూరు తప్ప మిగతా ఐదింటిలో టాస్ గెలిచింది బయటి నుంచి వచ్చిన జట్టే. ఐదుసార్లూ ముందు బ్యాటింగే చేశారు. అరిగిపోయే పిచ్ మీద ఆఖరున ఆడటం కష్టమని ఎవరైనా ఒప్పుకుంటారు.

కానీ టాస్ ఇచ్చే లాభం మొదటి ఇన్నింగ్స్ ఆధిక్యంలో కనబడాలి. ఉప్పల్‌లో ఆధిక్యం మనదే, 190. ముంబయిలో మనదే, 28. కోల్‌కతాలో మనదే, 30. అంటే మూడు చోట్ల టాస్ ప్రభావాన్ని మనవాళ్లు సగం మ్యాచ్ అయ్యేసరికే చెరిపేశారు. తర్వాత ఛేదించాల్సినవి 231, 147, 124. మూడూ అందలేదు. టాస్ మీద నెపం వేస్తే ఈ మూడు లెక్కలకు సమాధానం దొరకదు.

ప్రశ్న: టీవీలో ఎర్రమట్టి పిచ్, నల్లమట్టి పిచ్ అంటుంటరు. మట్టి రంగు మారితే ఆట ఎందుకు మారుతుంది?
– రైతు, పరకాల

జవాబు: మీకు తెలిసిన సంగతే ఇది. మీ దగ్గర పత్తి వేసే నల్లరేగడినీ, పక్కన ఎర్ర చెల్కనూ తలచుకోండి. రేగడిలో బంక ఎక్కువ. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని బీటలు తీస్తుంది, నీళ్లను చాలా రోజులు పట్టి ఉంచుతుంది. చెల్క తొందరగా ఆరుతుంది, గట్టిపడుతుంది, పైన దుమ్ము లేస్తుంది.

పిచ్ మీద కూడా అంతే. నల్లమట్టి పిచ్ రోలర్ కింద బాగా కుదురుకుంటుంది. బంతి నెమ్మదిగా, తక్కువ ఎత్తులో వస్తుంది, మోకాలి కింద తగిలే ఎల్బీలు పెరుగుతాయి. పుణె టెస్టుకు వాడింది నల్లమట్టే. ఎర్రమట్టి మీద బౌన్స్ ఎక్కువ, బంతి బ్యాటుకు చురుగ్గా వస్తుంది. తడి తగ్గించి పొడిగా వదిలేస్తే పైపొర త్వరగా రేగి, పదునుగా తిరుగుతుంది, పైకి కూడా లేస్తుంది. ముంబయి వాంఖెడే మైదానంలోది ఎర్రమట్టి పిచ్. అక్కడ ముంగాలు కదలని బ్యాటర్‌కు స్లిప్‌లోనో షార్ట్ లెగ్‌లోనో క్యాచ్ గండం ఉంటుంది.

రంగు ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. నీళ్లు ఎప్పుడు ఆపారు, గడ్డి ఎంత ఉంచారు, రోలర్ ఎన్నిసార్లు తిప్పారు అన్నవి మట్టి అంత ముఖ్యం. ఒకే మట్టితో ఐదు రోజుల పిచ్ చేయొచ్చు, రెండున్నర రోజుల పిచ్చూ చేయొచ్చు.

ప్రశ్న: రచిన్ రవీంద్రకు మన తెలుగు నేలతో సంబంధం ఉందని విన్నాను.
– మహబూబాబాద్

జవాబు: ఉంది. కుటుంబం మూలాలు బెంగళూరువి. కుర్రతనంలో న్యూజిలాండ్ క్లబ్ జట్టుతో అనంతపురం వచ్చి, అక్కడి ఆర్డీటీ మైదానంలో ఆడేవాడు. మన ఎండలో, మన మట్టి మీద, మన స్పిన్నర్లను చిన్నప్పుడే ఎదుర్కొన్నాడు. బెంగళూరులో చేసిన 134 పరుగులకు అది కూడా ఒక పునాది. ఎనిమిదో వికెట్‌కు సౌథీతో కలిసి 137 పరుగులు జోడించడమే ఆ ఇన్నింగ్స్‌ను 402కు చేర్చింది.

ప్రశ్న: ఉప్పల్ మ్యాచ్ టికెట్ కొనుక్కొని పోయి చూసినం. 190 ఆధిక్యం వచ్చినంక కూడా ఎట్ల ఓడిపోతరు సార్?
– కరీంనగర్

జవాబు: ఇంగ్లండ్ 246, మనం 436. రెండో ఇన్నింగ్స్‌లో ఇంగ్లండ్ 163కి 5 దగ్గర ఇంకా 27 పరుగులు వెనకబడే ఉంది. అక్కడి నుంచి ఒలీ పోప్, ఫోక్స్ కలిసి 112 జోడించారు. పోప్ 110 దగ్గర ఇచ్చిన క్యాచ్‌ను అక్షర్ వదిలేశాడు, అతను 196 దాకా వెళ్లాడు. అంతా తెలిసిన కథే. గమనించాల్సింది మాత్రం పోప్ రివర్స్ స్వీప్, అంటే స్వీప్‌ను ఎదురు దిక్కుకు తిప్పి కొట్టడం. ఆఫ్ సైడ్ పాయింట్ దగ్గర మనిషి లేని చోటికి ఒకటి రెండు కొట్టాడు. అక్కడికి ఫీల్డర్‌ను జరిపితే మామూలు స్వీప్ ఆడాడు. ప్రతిసారీ బౌలర్ లెంగ్త్ కుదించాడు, కుదిస్తే వెనక్కాలి మీద ఆడటం తేలిక. మనవాళ్లు ఫీల్డింగ్‌ను దూరంగా పరిచి ఒక్కో పరుగు ఇస్తూ పోయారు. 190 ఆధిక్యం ఉన్నప్పుడు దగ్గర ఫీల్డర్లను తీయకుండా, ఆఫ్ స్టంప్ మీద నెమ్మదిగా వేసి అతన్నే షాట్ తయారుచేసుకోనివ్వాల్సింది.

ఆఖరి ఇన్నింగ్స్‌లో టామ్ హార్ట్‌లీ 62 పరుగులకు 7 వికెట్లు తీశాడు. అదే అతని మొదటి టెస్టు. మొదటి ఇన్నింగ్స్‌లో అతని మొదటి బంతినే జైస్వాల్ సిక్సర్ కొట్టాడు. అయినా కెప్టెన్ స్టోక్స్ బంతి లాక్కోలేదు. పొడుగు మనిషి కాబట్టి పై నుంచి బంతి దిగుతుంది, బౌన్స్ వస్తుంది. మన ఎనిమిదో వికెట్‌కు అశ్విన్, శ్రీకర్ భరత్ 57 జోడించారు కానీ 28 పరుగులు తక్కువ పడ్డాయి. ఆ తర్వాత నాలుగు టెస్టులూ గెలిచి సిరీస్ 4-1తో మనదైంది. బజ్‌బాల్ (ఇంగ్లండ్ దూకుడు ఆట) గెలిచిందని అనుకున్నవాళ్లు ఆ సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఒక టెస్టు గెలిపించిన రివర్స్ స్వీప్ తర్వాతి నాలుగింటిలో ఆ పని చేయలేదు.

ప్రశ్న: న్యూజిలాండ్ తర్వాత దక్షిణాఫ్రికా చేతిలో మళ్లీ అదే తప్పా?
– జగిత్యాల

జవాబు: కోల్‌కతాలో అదే తప్పు, గువాహటిలో వేరే తప్పు. 2025 నవంబర్‌లో ఈడెన్ గార్డెన్స్ పిచ్ మీద మనం నలుగురు స్పిన్నర్లతో దిగాం. 159, 189, 153, 93 – ఇవీ నాలుగు ఇన్నింగ్స్‌లు. మొత్తం మ్యాచ్‌లో అర్ధశతకం చేసింది వాళ్ల కెప్టెన్ బవుమా ఒక్కడే, 55 నాటౌట్. అతను ఏమీ అద్భుతం చేయలేదు. బంతి దగ్గరకు కాలు చాచాడు, లేకపోతే పూర్తిగా వెనక్కి వెళ్లాడు, మధ్యలో ఎక్కడా నిలబడలేదు. మెడ నొప్పితో గిల్ రెండో ఇన్నింగ్స్‌లో బ్యాటింగ్‌కు రాలేదు, అది మనకు నష్టమే. అయినా 124 లక్ష్యం అంత పెద్దది కాదు. ఆఫ్‌స్పిన్నర్ సైమన్ హార్మర్ రెండు ఇన్నింగ్స్‌ల్లోనూ నాలుగేసి వికెట్లు తీశాడు.

గువాహటి పిచ్ మీద మాత్రం మొదటి రెండు రోజులు బ్యాటింగ్‌కు బాగుంది. మొదటి రోజు 247కి 6 చేసిన దక్షిణాఫ్రికాను అక్కడ చుట్టేయాల్సింది. ముత్తుసామి 109, యాన్సెన్ 93 చేసి 489కి తీసుకెళ్లారు. తోక బ్యాటర్లను బయటకు పంపలేకపోవడం మన పాత జబ్బు. తర్వాత యాన్సెన్ పొట్టి బంతులతో 6 వికెట్లు తీసి 201కి కట్టేశాడు. 408 పరుగుల తేడాతో ఓటమి, పరుగుల లెక్కన టెస్టుల్లో మనకు ఇదే అతి పెద్దది. దీనికి పిచ్‌ను అనడానికి లేదు.

ప్రశ్న: నేను ఎడమచేతి స్పిన్నర్‌ను, అండర్-19 ఆడుతున్నాను. శాంట్నర్ లాగా వేగం మార్చడం ఎలా నేర్చుకోవాలి? స్పీడ్ గన్ లేదు.
– మంచిర్యాల

జవాబు: గన్ అక్కర్లేదు, ఫోన్ చాలు. కెమెరాను సెకనుకు 60 ఫ్రేముల మీద పెట్టి, పిచ్ పక్క నుంచి చేయి, బంతి పడే చోటు రెండూ కనబడేట్టు తీయించు. పిచ్ 20.12 మీటర్లు. క్రీజ్ దగ్గర వదిలిన బంతి, బ్యాటర్ స్టంప్స్‌కు నాలుగున్నర మీటర్ల ముందు పడితే గాలిలో వెళ్లిన దూరం సుమారు 14.4 మీటర్లు. చేయి వదిలిన ఫ్రేము నుంచి నేలను తాకిన ఫ్రేము దాకా లెక్కపెట్టు. 35 ఫ్రేములైతే గంటకు దాదాపు 89 కిలోమీటర్లు, 39 అయితే 80, 43 అయితే 72. ఇది సగటు వేగం. టీవీలో చూపేది చేయి వదిలిన క్షణంలోది, కొంచెం ఎక్కువుంటుంది. లెంగ్త్ మారితే లెక్క మారుతుంది కాబట్టి గుర్తు పెట్టిన చోట పడిన బంతులనే లెక్కలోకి తీసుకో.

ఆ గుర్తు ఎలా పెట్టాలంటే, బ్యాటింగ్ స్టంప్స్ నుంచి 4, 5 మీటర్ల దగ్గర రెండు సున్నం గీతలు గీయి. వాటి మధ్య అర మీటరు వెడల్పు పెట్టె ఉండాలి. పెట్టె మిడిల్, ఆఫ్ స్టంప్స్ వరసలో ఉండాలి, బయట కాదు. ఇక్కడే మన జిల్లా కుర్రాళ్లు ఎక్కువమంది తప్పుతారు. తిరిగిన బంతి అందంగా కనబడుతుందని ఆఫ్ స్టంప్ బయట వేస్తారు, బ్యాటర్ వదిలేస్తాడు. నీ తిరగని బంతి స్టంప్స్‌ను కొట్టాలి. అప్పుడే తిరిగేదానికి కూడా భయపడతాడు.

మొదటి వారం వేగం మార్చకు. 39 ఫ్రేముల దగ్గర ఆరు బంతుల్లో నాలుగు పెట్టెలో పడేదాకా వేయి. తర్వాత ఒక ఓవర్‌లో రెండు బంతులు 43కి తగ్గించు, ఒకటి 35కి పెంచు.

తగ్గించేటప్పుడు రనప్ నెమ్మదించకూడదు, చేయి తిప్పే వేగం తగ్గకూడదు. ఆ రెండూ తగ్గితే బ్యాటర్ నీ చేతిలోనే చదివేస్తాడు, బంతి కూడా పొట్టిగా పడుతుంది. వేగం తగ్గించే మార్గాలు మూడున్నాయి. చూపుడు వేలితో బంతిని ఇంకా గట్టిగా తిప్పడం ఒకటి, బలం ముందుకు పోకుండా భ్రమణంలోకి పోతుంది. కొంచెం ముందుగా, బ్యాటర్ కంటిచూపు కంటే పైకి వదలడం రెండోది. క్రీజ్ వెనక అర మీటరు నుంచి వేయడం మూడోది. ఇందులో చేయి అసలు మారదు, బంతి మాత్రం ఆలస్యంగా చేరుతుంది. మొదట ఈ మూడోదానితోనే మొదలుపెట్టు, అది తేలిక.

కార్క్ బంతితో ఇవేవీ పనిచేయవు. నేలను పట్టుకునే కుట్టు దానికి తోలు బంతికి ఉన్నట్టు ఉండదు. పాతదైనా సరే, కుట్టు చెదరని తోలు బంతి వాడు.

ప్రశ్న: మా దగ్గర సిమెంటు పిచ్ మీద మ్యాట్ వేసి ఆడుతం. మ్యాట్ మీద బాగానే కొడతా, మట్టి పిచ్ మీదికి పోతే స్పిన్‌కు ఎల్బీ అయితున్న. ఏం చేయాలె?
– కాజీపేట

జవాబు: మ్యాట్ మీద బంతి తిరుగుతుంది, కానీ ప్రతిసారీ ఒకే ఎత్తులో, నడుము దాకా లేస్తుంది. అందుకే నీకు వెనక్కాలి మీద నిలబడి కట్ చేయడం అలవాటైంది. మట్టి పిచ్ మీద అదే బంతి మోకాలి దగ్గర వస్తుంది. జబ్బు అక్కడుంది, నీ కన్నులో కాదు.

మొదటి పని అడుగు. స్పిన్నర్ బంతికి రెండే జవాబులున్నాయి: బంతి పడే చోటికి ముందు కాలు చేరాలి, లేదా స్టంప్స్ దగ్గరకు పూర్తిగా వెనక్కి వెళ్లాలి. సగం అడుగు వేసి ఆగితే తిరగడానికి బంతికి చోటు ఇచ్చినవాడివి అవుతావు. రెండోది బ్యాటు ప్యాడ్ కంటే ముందుండాలి, పక్కన కాదు. ప్యాడ్ వెనక బ్యాటు దాక్కుంటే బంతి ముందు ప్యాడ్‌నే తాకుతుంది. షాట్ ఆడే ప్రయత్నం చేయకుండా కాలు మాత్రమే చాచితే, బంతి ఆఫ్ స్టంప్ బయట తగిలినా ఎల్బీ ఇవ్వొచ్చు. మూడోది చేతుల పట్టు. పై చేయి గట్టిగా, కింది చేయి రెండు వేళ్ల పట్టుతో ఉంటే అంచు తగిలిన బంతి షార్ట్ లెగ్ దాకా ఎగరదు.

సాధనకు మ్యాట్ తీసేసి, మామూలు మట్టి నేల మీద 10 మీటర్ల దూరం నుంచి స్నేహితుడితో అండర్ ఆర్మ్ వేయించుకో. టెన్నిస్ బంతికి ఒక పక్క మాత్రమే టేపు చుట్టి వేస్తే కొన్ని తిరుగుతాయి, కొన్ని జారుతాయి. ఏది ఏదో వేసేవాడికీ తెలియదు, నీకు కావాల్సింది అదే. నేరుగా వచ్చే దారిలోనే బ్యాటు పెట్టు. 30 బంతుల్లో పది నీ బ్యాటు అంచును దాటిపోవచ్చు, పట్టించుకోకు. ప్యాడ్‌కు తగిలినవి మాత్రం లెక్కపెట్టు. ఆ సంఖ్య తగ్గాలి.

స్వీప్ ఆ తర్వాత. ముందు కాలు బాగా చాచి, వెనక మోకాలు నేలకు తాకేట్టు వంగి, తల ముందు మోకాలి పైన ఉండాలి. బ్యాటు పై నుంచి కిందికి రావాలి. పొట్టి బంతికి స్వీప్ వేస్తే పై అంచు తగిలి గాలిలోకి లేస్తుంది. తక్కువ ఎత్తులో స్టంప్స్ మీదికి వచ్చేదానికి వేస్తే ఎల్బీ. లెగ్ స్టంప్ బయట పడే నిండు బంతినే ఎంచుకో. ముంబయిలో రోజు ముగిసే వేళ జైస్వాల్ రివర్స్ స్వీప్‌కు బౌల్డ్ అయ్యాడు, వెంటనే ఇంకో రెండు వికెట్లు పడి 78కి 1 కాస్తా 84కి 4 అయింది. షాట్ వచ్చినంత మాత్రాన చాలదు, వేళ కూడా చూడాలి.

ప్రశ్న: మా బడి మైదానంలో చెరువు మట్టితో ఒక ప్రాక్టీస్ పిచ్ చేయాలనుకుంటున్నాం. ఎంత మట్టి పడుతుంది, ఎట్లా చేయాలి?
– వ్యాయామ ఉపాధ్యాయుడు, ములుగు

జవాబు: మంచి ఆలోచన. పిల్లలు మట్టి మీద స్పిన్ ఆడకపోతే పైన చెప్పినవన్నీ మాటలుగానే మిగిలిపోతాయి. పిచ్ పొడవు 20.12, వెడల్పు 3.05 మీటర్లు. 15 సెంటీమీటర్ల మందం వేస్తే 9.2 ఘనమీటర్లు. రోలర్ కింద అణిగిపోతుంది కాబట్టి వదులు మట్టి 12 ఘనమీటర్లు, అంటే దాదాపు నాలుగు ట్రాక్టర్ ట్రాలీలు తెప్పించుకోండి. బౌలర్ కాలు పెట్టే చోటు కోసం రెండు చివరలా ఇంకో మీటరున్నర కలుపుకుంటే ఐదు ట్రాలీలు.

చెరువు మట్టి అంతా పనికిరాదు. పిడికెడు తడిపి నిమ్మకాయంత ఉండ చేసి మూడు రోజులు నీడలో ఆరనివ్వండి. బొటనవేలితో నొక్కితే పొడి అయితే అందులో ఇసుక ఎక్కువ, వద్దు. రాయిలా ఉంటే మంచిది. గులకరాళ్లు, నత్తగుల్లలు, వేర్లు పోయేట్టు జల్లెడ పట్టాలి.

20 సెంటీమీటర్లు తవ్వి, అడుగున ఐదు సెంటీమీటర్లు మొరం పరిచి గట్టిగా దిమ్మిస చేయండి. దాని మీద మట్టిని మూడు పొరలుగా వేయాలి, ఒక్కో పొర అణిగాక ఐదు సెంటీమీటర్లు. ఒక పొర తడిపి, కాలికి అంటని స్థితికి వచ్చాక రోలర్ తిప్పి, పైభాగాన్ని పళ్ల పార (రేక్)తో గీకి, అప్పుడు తర్వాతి పొర. గీకకుండా వేస్తే పొరలు అతుక్కోవు. నెల తిరక్కుండానే పై పొర పెచ్చులా లేచి, బంతి ఒకసారి గడ్డానికి, ఒకసారి చీలమండకు వస్తుంది. పిల్లలకు దెబ్బలు తగిలేది అక్కడే.

రోలర్ కొనలేకపోతే 200 లీటర్ల ఇనుప డ్రమ్ముకు మధ్యలో ఇరుసు పెట్టి కాంక్రీటు నింపండి, దాదాపు 480 కిలోలు వస్తుంది. నలుగురైదుగురు లాగాలి. చివరి పొర మీద గరిక నాటి, వేళ్లు పట్టేదాకా రెండు మూడు నెలలు ఆగండి. గరిక వేళ్లే రేగడి బీటలను బిగించి పట్టుకుంటాయి. ఆట మొదలుపెట్టే ముందు బాగా తడిపి, మర్నాడు వేలు నొక్కితే ముద్ర పడి మట్టి అంటకుండా ఉన్నప్పుడు రోలింగ్ మొదలుపెట్టండి. ఐదారు రోజులు పొద్దున, సాయంత్రం నెమ్మదిగా తిప్పాలి. రోలర్‌కు మట్టి అంటుకుంటుంటే వెంటనే ఆపేయండి, తడి ఎక్కువుంది. ఆఖరున ఒకే ఎత్తు నుంచి బంతిని నాలుగు చోట్ల వదిలి చూడండి. ఎగిరే ఎత్తు నాలుగు చోట్లా దగ్గరగా ఉంటేనే పిల్లలను ఆడనివ్వండి. ఏదైనా చోట తక్కువ లేస్తే ఆ ముక్కను మళ్లీ తడిపి రోల్ చేయాలి.

మొదటి నెల తోలు బంతితో స్పిన్నర్లనే వేయనివ్వండి. పిచ్ కుదురుకున్నాకే పేస్ బౌలర్ల వంతు.